ఇరవై నాలుగు మలుపుల పైన

కనుమ నెత్తిమీద నాది బార్లీ జావ అమ్మే కొట్టు.
కింద క్రాన్స్కా గోరా నుంచి ఇరవై నాలుగు మలుపులు,
ఒక్కోదానికీ ఓ నంబరు, ఒక్కోదాంట్లోనూ రాతి పరుపు.
తడిస్తే చేప వీపు.

పన్నెండో మలుపు దగ్గర మొదలవుతుంది నాకు ఇంజను చప్పుడు.
కుండ కింద మంట పెంచుతాను.
పదహారుకి గిన్నెలు తీస్తాను.
ఇరవైకి తెలిసిపోతుంది ఎవరు దేనిమీద వస్తున్నారో:
తదేయ గేరు ముందే దించుతుంది, గడువుకి ముందే అప్పు తీర్చేవాళ్ళలా.
యెర్నెయ్ ఆఖరి క్షణం దాకా ఆగుతాడు.

పదకొండేళ్ళు, మంచు కరిగాక ప్రతి ఆదివారం.
కారు ఇటలీది, రెండే సీట్లు,
నేలను వాసన చూస్తున్నట్టు ముక్కు వంచుకుని ఉంటుంది.
బైకు జర్మనీది, సిలిండర్లు
మొండి పిల్లాడి మోచేతుల్లా అటూ ఇటూ పొడుచుకొచ్చి.
రెండూ ఇద్దరివీ.
పెళ్ళి లేదు వాళ్ళ మధ్య, చుట్టరికం లేదు.
ఉన్నది ఒక షెడ్డు, ఒక పానాల పెట్టె,
నూనె మరకల తువ్వాలు ఒకటి.
జావ తాగి బల్లమీద తాళంచెవులు మార్చుకునేవాళ్ళు
ఉప్పు అందించినంత తేలిగ్గా.
ఎక్కొచ్చిన బండి మీదే దిగడం వాళ్ళకి తప్పు.

ఓసారి అడిగాను, ఒకటి చాలదా అని.
తదేయ చెంచా నాకుతూ అంది:
"కారు నన్ను గుప్పిట్లో పెట్టుకుని మలుపు తిప్పుతుంది.
బైకైతే నేనే ఒరగాలి,
మోకాలితో, మెడతో, ఉన్న భయమంతటితో."
యెర్నెయ్ నవ్వాడు.
"కార్లోంచి మలుపు కనిపిస్తుంది. బైకు మీద వాసనేస్తుంది.
ఏడు, పైన్ జిగురు.
పంతొమ్మిది, గొర్రెలు."

ఈ జూన్‌లో కారొక్కటే వచ్చింది.
తదేయ దిగి, తాళం బల్లమీద పెట్టి,
జావ ముట్టకుండా కిందికెళ్ళే బస్సెక్కింది.
రెండు గంటలకి బైకు చప్పుడు. మళ్ళీ ఆమే.
వెనకాలే ఇంకో బస్సు,
అందులోంచి యెర్నెయ్, ముఖం సున్నం కొట్టిన గోడ,
ఒళ్ళో పెట్టుకొచ్చిన హెల్మెట్‌లో
చెప్పకూడదు గానీ, వాంతి.

చెవి లోపలి రసమట్టం చెడిందట.
నిలబడితే నేల ఒరుగుతుందట.
"ముప్పై ఏళ్ళు ఒరగడం నేర్చుకున్నాను," అన్నాడు,
"ఇప్పుడు డాక్టర్లు నిటారుగా కూర్చోడం నేర్పుతున్నారు."

హెల్మెట్ కడిగి ఎండలో బోర్లించాను.
తాళాలు రెండూ బల్లమీదే ఉన్నాయి.
ఎవరూ ఉప్పు అడగలేదు.

అతను బైకు దగ్గరికెళ్ళి
వేడి సిలిండర్‌కి జానెడు దూరంలో అరచేయి ఉంచాడు,
చలిమంట కాచుకుంటున్నట్టు.
చల్లారేదాకా అలాగే ఉన్నాడు.
తర్వాత కారులో డ్రైవరు పక్కన కూర్చుని అద్దం మొత్తం దించి,
"ఈ సీట్లోంచి ఈ దారి నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నాడు.

బైకు తాళం నా అరచేతిలో పెట్టింది తదేయ.
నాకు మోపెడ్ తప్ప రాదని ఆమెకి తెలుసు.

రాలేదని అనను. వచ్చారు, ఆగస్టులో, సెప్టెంబర్లో,
ఇద్దరూ కారులోనే.
ప్రతిసారీ నేను తాళం బల్లమీద పెట్టేదాన్ని.
ప్రతిసారీ వాళ్ళు దాన్ని చూసి
వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు.

ఇప్పుడు మంచు పడి దారి మూసేశారు.
బైకు నా కట్టెల కొట్టంలో, మేకలకి కప్పే దుప్పటి కింద.
ఆదివారం పదింటికి తలుపులు బార్లా తీసి స్టార్ట్ చేస్తాను.
పది నిమిషాలు.
కట్టెల మీది దుమ్ము వణుకుతుంది, పిల్లి పారిపోతుంది.
అప్పుడు ఫోను మోగుతుంది.
ఏమీ మాట్లాడకుండా తీసుకెళ్ళి సైలెన్సర్ దగ్గర పెడతాను.

పోయిన వారం చాలాసేపు విన్నాడు.
పెట్టేశాడేమో అనుకుని ఫోను చెవికి ఆనించుకున్నాను.

"ఎడమది దగ్గుతోంది," అన్నాడు యెర్నెయ్.
"చలికి కాదు. ప్లగ్గు మార్చు."